సీసా నిండా క్వార్టర్లే

లాక్‌డౌన్‌తో బడులు మూసేసినప్పటి నుంచి మా అమ్మాయి మేఘన చదువు మేమిప్పుడు ఉంటున్న ఆడమ్స్‌టౌన్‌లోని మా వంటింటి బల్ల మీదే సాగుతోంది. ఈ రోజు లెక్కల పని, ఇంట్లో దాచిన చిల్లర ఎంతుంటుందో తూకంతో అంచనా వేయడం. ఇక్కడ మాకు అంతా కార్డులే కాబట్టి, నా భార్య సుధ ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చుకున్న నాణేల సీసా తీసిచ్చింది.

నేను వెంటనే మాస్టారి అవతారం ఎత్తాను. పది సెంట్ల డైమ్ నాణెం అన్నిటికన్నా చిన్నదే అయినా, తనకన్నా పెద్దదైన ఐదు సెంట్ల నికెల్‌కి రెట్టింపు విలువ అని చెప్పి, చూపిద్దామని సీసా గుమ్మరించాను. ఒక్క డైమూ లేదు. అన్నీ పాతిక సెంట్ల క్వార్టర్లే. మేఘన తూచి, దాదాపు అరవై డాలర్లు అంది.

"మూడేళ్ళలో మీ అమ్మ అమెరికా సంపాదన ఇదన్నమాట!" అని నవ్వాను. మేం అక్కడున్న ఆ మూడేళ్ళూ సుధ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

"బట్ వై ఆల్ క్వార్టర్స్, మమ్మీ?" అంది మేఘన.

సుధ నాణేలు ఏరుతూ మామూలుగానే చెప్పింది. "అక్కడ బిల్డింగ్ అందరికీ కలిపి ఉన్న వాషింగ్ మెషీన్ తిరగాలంటే అవే వేయాలి నాన్నా. డాడీ వారం వారం ఇచ్చేవారు. నేను చాలావరకు చేత్తో ఉతికేసి మిగుల్చుకునేదాన్ని."

"ఎందుకు? అడిగితే ఇచ్చేవాణ్ణిగా!" అన్నాను.

"అడగాలి కదండీ," అంది.

ఆ చలికాలాల్లో ఆమె చేతులు పగిలిపోతే, క్రీమ్ రాసుకోవచ్చుగా అని నేను విసుక్కోవడం గుర్తొచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఈ గ్రూపులో మీ అందరికీ రాయడం సులువుగానే ఉంది. పక్క గదిలో ఉన్న మనిషికి ఏం చెప్పాలో తెలియడం లేదు. మీరైతే ఏమనేవారు?