ఫిట్టరుగారి పడమర

అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి బదిలీ మీద ఒక ఫిట్టరుగారు వచ్చాడు. పళ్ళెమంత దిక్సూచి పట్టుకుని తిరిగేవాడు. పళ్ళెమంత అన్నానా? అబద్ధం, రూపాయి బిళ్ళంత. మా అనుమానమే పళ్ళెమంత. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో నమాజుకి ఆయనకు పడమర తెలియాలి. షాపులో అంత ఇనుము మధ్య ముల్లు తిన్నగా నిలవదు. అందుకని దాన్ని అరచేతిలో పెట్టుకుని పట్టాలు దాటి ఖాళీ స్థలంలోకి పోయి, మెల్లగా చుట్టూ తిరిగేవాడు. గూఢచారి కాకపోతే ఎవడు చేస్తాడా పని?

ఒకరోజు ఆ ఖాళీ స్థలంలోనే వర్క్‌షాపంతా మూగి నిలదీసింది. అంతా అంటే మా మేస్త్రీ, నేను, ఇంకో ఇద్దరు.

"ఏటి సాయిబూ, రోజూ పాకిస్తాన్‌కి దండమెడతన్నావా?" అన్నాడు మేస్త్రీ. ఫిట్టరుగారు తడబడితే చాలు, ఉద్యోగం ఊడుతుంది.

"ఏ పాకిస్తాన్‌కి బాబూ? మనకి దగ్గిరున్నది తూర్పు పాకిస్తాన్ కదా. దానికి రోజూ నా ఈపే సూపిస్తన్నాను."

మాకు నవ్వొచ్చింది. మేస్త్రీకి రాలేదు. "మరెవులికి మొక్కుతన్నావు?"

"దేవుడికే. మక్కాలో ఆయన ఇల్లుంది, మొకం అటు పెడతాం. ఆ ఇంటికి అవతలున్నోళ్ళు తూర్పుకి తిరిగి నమాజు సదువుతారు. అంటే ఆళ్ళూ మేమూ ఎదురెదురే కదా."

తిరిగి వస్తూ మేస్త్రీ నా చెవిలో అన్నాడు: "ఇన్ని దిక్కులు ఎరిగినోడు మామూలోడు కాడురా."

మర్నాడే మేస్త్రీ ఆఫీసులో ఆయన మీద చెప్పి వచ్చాడు. వారం తిరక్కుండా ఆ ఫిట్టరుగారు మా షాపులో లేడు.