నీలి నీళ్లలో తాత పన్నె

జగిత్యాల కాలేజీలో ఏటా పిల్లల ముందు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపిన నీలి నీళ్లలో ఇనుప మేకు వేస్తాను. కాసేపటికి అది రాగి రంగు తేలగానే వాళ్లు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం సిరిసిల్లలో తాత మగ్గం పక్కన ఉండే గంజి వాసన వస్తుంది.

తాతకు మాట తక్కువ, మగ్గం చప్పుడే ఎక్కువ. బతుకమ్మ రోజులొస్తే ఇల్లంతా గునుగు పూల మోపులు, వేయించిన నువ్వుల వాసన, అరుగు మీద ఆ తెల్ల పూలను ముంచే రంగు నీళ్ల తొట్లు, మోచేతుల దాకా రంగులు పూసుకున్న పిల్లలం మేము. ఆ ఏడు నాకు నీలం గునుగు కావాలనిపించి, నూలు అద్దకానికి తాత దాచుకున్న మైలుతుత్తం ప్లాస్టిక్ తొట్టిలో కలిపాను. అందులో పడ్డ మేకు ఒకటి ఎర్రగా మెరిసిపోయింది. ఇనుము రాగి అయిందనుకున్న పిచ్చిదాన్ని, పండుగకు తాతను మురిపించాలని, గోడకు వేలాడుతున్న పన్నెను తెచ్చి ముంచాను. పడుగు పోగులను చెదరకుండా పట్టి ఉంచే సన్నని ఉక్కు పళ్ల దువ్వెన అది. తర్వాతి చీరలకు తాత దాన్నే నమ్ముకున్నాడు. పొద్దుగూకేదాకా నాననిచ్చాను.

తాత పన్నెను బయటికి తీశాడు. వేలితో రాస్తే ఎర్రపొడి రాలింది, కింద ఉక్కు తినేసినట్టు గరుకుగా ఉంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో కోరుట్ల పోయాడు. పన్నెలు కట్టే మియాసాబ్ అక్కడ ఒక్కడే మిగిలాడు. చూపు ఆనక ఆయన బొటనవేలితోనే పళ్లన్నీ తడిమాడు.

"పోగులను కోస్తది అన్నా. కొత్తది కట్టుడు ఇగ నాతోని కాదు."

తిరుగు బస్సులో తాత పన్నెను ఒళ్లో పెట్టుకుని పళ్ల మీది ఎర్రపొడిని వేలితో తుడిచాడు.

"ఎర్రగ మంచిగనే అయింది బిడ్డా. గని ఇనుము ఏడికి వోయింది?"

నేను ఏడ్చాను. దసరా దాటాక తాత పన్నె లేని మగ్గం విప్పి, పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుట్టే పనికి కుదిరాడు.

ఇప్పుడు జవాబు తెలుసు. ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే మొగ్గు ఒక్కో లోహానికి ఒక్కోలా ఉంటుంది, దాన్నే క్షయకరణ పొటెన్షియల్ అంటారు. రాగికి 0.34 వోల్టులు, ఇనుముకు మైనస్ 0.44 అని బోర్డు మీద రాస్తాను. రెండూ ఎదురుపడితే నీళ్లలోని రాగి లాక్కుని గట్టిపడుతుంది, ఇనుము ఇచ్చుకుని కరిగిపోతుంది. ఆ నీళ్లలో ఉన్నంతసేపు దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు తాత లేడు, మగ్గం గుంత మీద సిమెంటు పోశారు, గునుగుకు నీలం అద్దేవాళ్లూ లేరు. ఇనుము ఎక్కడికీ పోలేదు తాతా, ఆ నీళ్లలోనే ఉండింది. ఆ నీళ్లను నేనే మోరీ కాలువలో పారబోశాను.