మొద్దుకు రేటు చెప్పే ముందు బావ అడిగే మాటలు

మా బావ చనిపోయిన కబురు పని ఫోనుకే వచ్చింది. బావ అంటే మా ఇంటాయనకు అన్న. కొట్టేసిన చెట్ల మొద్దులను మిషనుతో పొడి చేసి తీసేయడం మా ఇంటి పని. ఉండేది హిందూపురంలో, పనికి పెనుకొండ, ధర్మవరం దాకా పోతాం. మిషను మోతలో మగవాళ్ళకు వినబడదు కాబట్టి ఫోను నా దగ్గర ఉంటుంది. ఆ రోజు పొద్దున బావ ఒక మొద్దు చూసి రేటు చెప్పి వస్తానని బస్సులో పెనుకొండకు పోయాడు. కాసేపటికి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అలవాటు కొద్దీ, "ఏ చెట్టప్పా? ఎంత లావు ఉంటాది?" అన్నాను.

"చెట్టు కాదు మ్మా. ఈడ మా టీ అంగడి బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. జోబులో ఈ నంబరు కార్డు ఉండాది," అన్నాడు అవతలి మనిషి.

ప్రభువు ఆయనను అంత నెమ్మదిగా పిలుచుకున్నాడు.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఇంటివాళ్ళందరినీ రెండేసి మాటలు చెప్పమన్నారు. నా గొంతు ముందు వరుస దాటదు. లేచి, "మా బావ మంచివాడు" అని కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఆ మాట నాకే చాలలేదు. మంచివాళ్ళు చాలామంది ఉంటారు. మొద్దు చుట్టూ తిరిగి, తాగడానికి నీళ్ళు అడిగి, గ్లాసు కింద పెట్టి ఒక రేటు చెప్పే మనిషి మాకు ఆయనొక్కడే. ఆ రేటు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలని నాకు ఎప్పటి నుంచో ఉండేది. పదో తరగతి తర్వాత ప్రార్థన మనవులు తప్ప ఏమీ రాయని నేను ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నది అందుకే. నా తర్వాత మా ఇంట్లో ఈ ఫోను ఎత్తబోయేది ఎవరైనా, మీరు ఇది చదవాలి.

మిషను రాకముందు అన్నదమ్ములిద్దరూ గడ్డపారతో, గొడ్డలితో మొద్దులు తవ్వేవాళ్ళు. అప్పుడు రేటు గొడవ లేదు. పట్టినన్ని రోజుల కూలి తీసుకునేవాళ్ళు. బెంగళూరులో ఒకాయన వాడి వదిలేసిన మిషను కొని తెచ్చాక చిక్కు మొదలయింది. రోజులు పట్టే పని పూట కూడా పట్టకుండా అయిపోయేది. చూసేవాళ్ళకు చెమట కనబడేది కాదు. ఒకసారి మా ఊళ్ళోనే ఒక ఇంటి యజమాని డబ్బు చేతిలో పట్టుకుని, "గంట కూడా కాలేదు కదప్పా, దీనికి ఇన్ని దుడ్లా?" అన్నాడు.

బావ తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, "నిదానంగా చేయమంటే పొద్దుగూకేదాకా చేస్తాం సార్. రేటు అదే. మోత మాత్రం మీరే వినాల," అన్నాడు. ఆయన నవ్వి ఇచ్చేశాడు.

బావ ఏ ఇంటికి పోయినా ముందు చూసేది మొద్దును కాదు, గేటును. మిషను లోపలికి పడుతుందా, దించి నలుగురు మోయాలా అని. తర్వాత మొద్దు చుట్టూ తువ్వాల చుట్టి కొలిచేవాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలు. కింద నీళ్ళ పైపు ఉందా? వచ్చిన పొట్టు మీరు ఉంచుకుంటారా, మేము ఎత్తుకుపోవాలా? అన్నిటికంటే చివర, "ఇన్నాళ్ళు ఉండనిచ్చి ఇప్పుడు ఎందుకు తీపిస్తాండారు?" అని అడిగేవాడు.

ఊరివాళ్ళ సంగతులు మనకెందుకు అనుకునేదాన్ని. ఒక రోజు భోజనం పెడుతూ అడిగాను.

"సంగతుల కోసం కాదు మ్మా. బండి పెట్టుకునేదానికైతే నేల మట్టానికి తీస్తే చాలు. గోడ లేపేదానికైతే లోతుగా పోవాల. ఆడనే ఇంకో చెట్టు పెడతారంటే వేర్లు కూడా వెతకాల. మొద్దు ఒకటే, రేట్లు మూడు," అన్నాడు.

అప్పటి నుంచి నాకూ ఆసక్తి పుట్టింది. కొబ్బరి మెత్తన కదా, తక్కువ తీసుకోవచ్చు కదా అంటే, పీచు చక్రానికి చుట్టుకుని సగం పొద్దు దాన్ని ఊడబీకడానికే సరిపోతుందని చెప్పాడు. చింత గట్టిదే గాని మోసం చేయదట. ఆయన చెట్ల గురించి చెబుతుంటే మా వీధిలో మనుషుల గురించి చెబుతున్నట్టే ఉండేది.

అన్నీ అడిగే బావ ఒక్కటి అడగలేదు. ధర్మవరంలో ఒక నేతవాళ్ళ ఇంటి వెనక వేప మొద్దు. పక్క గదిలో మగ్గం. మిషను అదురుకూ దుమ్ముకూ పట్టు చెడిపోతుందని, మగ్గం మీద చీర దిగేదాకా ఆగి, కిటికీలకు తడి గుడ్డలు కట్టించి మరీ మొదలుపెట్టాడు. సగం మొద్దు పోయాక మిషను కీచుమని అరిచింది. చక్రానికి ఉండే ఉక్కు పళ్ళు విరిగి ఎగిరిపోయాయి. చూస్తే చెట్టు కడుపులో పెద్ద పెద్ద మేకులు.

మన వైపు కొందరు, ఇంట్లో ఎవరికైనా దయ్యం పట్టిందనుకుంటే, మంత్రగాడిని పిలిపించి దాన్ని చెట్టులోకి దింపామని మేకులు కొట్టిస్తారు. చెట్టు పెరిగేకొద్దీ మేకును మింగేస్తుంది. పైకి బెరడే కనబడుతుంది. ఆ ఇంటివాళ్ళకు తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. ఎవరికి పట్టిందో కూడా చెప్పాల్సి వస్తుంది కదా.

"ముందే చెప్పింటే ఈ నష్టం వచ్చుండునా?" అని మా ఇంటాయన గొంతు పెంచాడు.

"అడిగింటే చెప్పుందురేమో. మనం అడగలేదు కదా," అన్నాడు బావ. మొదట ఒప్పుకున్న రేటే తీసుకుని వచ్చేశాడు. పళ్ళు వేయించడానికి ఆ నెల సంపాదన చాలలేదు.

మరుసటి రోజు నన్ను పిలిచి, "ఆ మాట ఎట్లా అడగాల మ్మా?" అన్నాడు. ఎంత ఆలోచించినా దారి దొరకని మనిషిలా ఉన్నాడు. నలుగురి ముందు మగవాళ్ళు అడిగితే ఎవరూ చెప్పరని అన్నాను. "అయితే నువ్వు రా," అన్నాడు.

అలా నేను వాళ్ళ వెంట పోవడం మొదలుపెట్టాను. బావ మొద్దు కొలుస్తుంటే నేను ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చునేదాన్ని. నా గొంతు చిన్నది కావడం అక్కడ పనికొచ్చింది. మేకులు ఉన్నాయని తెలిస్తే కొంగు తల మీదికి లాక్కునేదాన్ని. బావ దూరం నుంచే చూసి, వాటిని ఉలితో తీసే శ్రమ కలిపి రేటు చెప్పేవాడు. ఎందుకు ఎక్కువో ఎవరికీ చెప్పేవాడు కాదు. తీసిన మేకులు గుడ్డలో చుట్టి ఆ పెద్దావిడ చేతికే ఇచ్చేవాడు.

"బావా, మనం ఇవి నమ్మం కదా," అన్నాను ఒకసారి.

"దయ్యాన్ని నమ్మేది లేదు మ్మా. మేకు మాత్రం ఇనుమే కదా," అన్నాడు.

అడగడం నాది, రేటు చెప్పడం ఆయనది. ఇన్ని అడిగి చివరికి లెక్క ఎలా కడతావని కూడా అడిగాను. "పని అయిపోయినాక మళ్ళా ఎప్పుడన్నా ఆ ఇంటి ముందర పోతే, తల దించుకోకుండా పోవాల. అట్లాంటి రేటు," అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "రేటు చెప్పినాక ఊరికే ఉండాల. మళ్ళా మాట్లాడితే తగ్గించేది మనమే."

బావ పోయాక మా ఇంటాయన మిషను మీద పట్ట కప్పేశాడు. "రేటు చెప్పేటోడు పోయినాడు. తక్కువ చెప్తే మునిగిపోతాం, ఎక్కువ చెప్తే పని రాదు. ఇంకోసారి పళ్ళు పోతే వేయించే శక్తి నాకు లేదు. అమ్మేద్దాం," అన్నాడు. బెంగళూరు నుంచి కొనే మనిషి కూడా ఫోను చేస్తున్నాడు. మాకు తెలిసిన పని ఇదొక్కటే. అది పోతే ఈ వయసులో ఆయన ఎవరి దగ్గర కూలికి పోవాలి?

అప్పుడే పెనుకొండ నుంచి, బావ చూడటానికి పోయి చూడని ఆ మొద్దు వాళ్ళు మళ్ళీ ఫోను చేశారు.

"దానికి నేను రేటు చెప్తా. తప్పితే అమ్మేయండి," అన్నాను.

"నువ్వు చెప్తే వాళ్ళకు వినబడాల కదా," అన్నాడు మా ఇంటాయన. అన్నాడే గాని, మరుసటి రోజు బండి తీశాడు.

దారంతా ప్రార్థన చేసుకున్నాను. అక్కడికి పోగానే గేటు చూశాను. మిషను పడుతుంది. చింత మొద్దు, బాగా లావు. ఎందుకు తీయిస్తున్నారని ఆ ఇంటి కొడుకును అడిగితే, తల్లి దూరం నడవలేదని అక్కడ బాత్రూం కడతామన్నాడు. అంటే లోతుగా పోవాలి. తర్వాత పోయి ఆ అవ్వ పక్కన కూర్చున్నాను.

"ఈ చెట్టుకు ఎప్పుడన్నా ఏమన్నా చేయించినారా అవ్వా?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావు?"

"ఏసు ప్రభువును అవ్వా."

"అయితే నీకు చెప్తే నవ్వుతావు."

"నవ్వను."

కొడుకు అటు తిరిగేదాకా ఆగి, తన చెల్లెలి సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఈ ఇంట్లోనే అక్క దగ్గర ఉన్న ఆ పిల్ల ఉన్నట్టుండి మాట పడిపోయి, అన్నం మానేసిందట. మేకులు కొట్టించాక కొన్నాళ్ళకు మాట వచ్చింది. ఇప్పుడు రొళ్ళ అనే ఊళ్ళో మనవరాళ్ళతో ఉంది. ఎప్పుడు వచ్చినా ఈ చెట్టు వైపు పోదు. "నా కొడుక్కి కూడా తెలీదు. ఇన్నాళ్ళూ నన్ను ఎవురూ అడగలే మ్మా," అని కట్టె ఊతంగా లేచి వచ్చి, మొద్దుకు ఒక పక్క అరచెయ్యి ఆనించింది. "ఈడ."

కొడుకు ముందు నిలబడి, "నాలుగు వేల ఐదొందలు," అన్నాను.

"ఏమ్మా, వినబడలే."

మళ్ళీ అదే చెప్పాను. తగ్గించలేదు. ఆ తర్వాత ఊరికే ఉన్నాను. ఊరికే ఉండటం నాకు కష్టం కాదు. ఆయన మొద్దును చూశాడు, బండి దగ్గర నేల చూపులు చూస్తున్న మా ఇంటాయనను చూశాడు. "సరే, రేపొద్దున రాండి," అన్నాడు.

అవ్వ చెయ్యి పెట్టిన చోటే మేకులు దొరికాయి. అన్నీ తీశాక నడిపితే మిషను ఒక్కసారి కూడా అరవలేదు. ఆ సాయంత్రం బెంగళూరు మనిషి ఫోను చేస్తే మా ఇంటాయనే అందుకుని, "ఇప్పుడు అమ్మేది లేదప్పా," అని పెట్టేశాడు.

ఆ నాలుగు వేల ఐదొందల లెక్క ఎలా వచ్చిందంటే నేను కూడా సరిగ్గా చెప్పలేను. ఆ ఇంటి ముందు మళ్ళీ పోగలను, అంతవరకు తెలుసు. ఈ కాగితాలు దాచుకోండి. బయటివాళ్ళకు మాత్రం చూపించకండి. ఆ అవ్వ చెప్పింది నాకొక్కదానికే. ఆ రోజు పని అయ్యాక మేము బండి ఎక్కేటప్పటికి ఆమె, మొద్దు ఉన్న చోట పరిచిన ఎర్రటి పొట్టు మీద నీళ్ళు చల్లి, ముగ్గు వేస్తూ ఉంది. మెత్తటి పొట్టులో పిండి ఇంకిపోతోంది. ఆమె అరచేత్తో కొంచెం కొంచెంగా అదుముకుంటూ, పోయిన గీత మీదే మళ్ళీ గీత వేస్తోంది.