పనామా వెళ్లేవాళ్లు చింతపండు మోసుకెళ్లకండి

సతీష్ ఫోన్ చేసేసరికి నేను పలివెలలో మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. పక్కనే మా ఆవిడ లక్ష్మి కొత్త చింతపండులో గింజలూ ఈనెలూ తీస్తోంది. నేను సెలవు మీద వచ్చిన ప్రతిసారీ తను చేసే పనే ఇది. శుభ్రం చేసి, ఉప్పు కలిపి, గుప్పిట్లో పట్టేంత ఉండలు కట్టి, ఎండబెట్టి నా పెట్టెలో సర్దుతుంది. ఎనిమిదేళ్లుగా నేను పనామాలో రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తున్నాను. మధ్య అమెరికాలో, రెండు సముద్రాల నడుమ సన్నటి నేల ముక్క లాంటి దేశం అది.

సతీష్ లక్ష్మికి వరసకి కూతురయ్యే దుర్గ మొగుడు, మలికిపురం దాటాక ఒక పల్లెలో రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్. మా కంపెనీలోనే అతనికి ఉద్యోగం వచ్చింది.

"బాబాయ్ గారూ, అంతా ఓకే అయిపోయిందండి. దుర్గే పేచీ పెడుతోంది. వెళ్తే పాపతో సహా ముగ్గురం వెళ్దాం, లేకపోతే అసలు వద్దంటోందండి. ముందు నేనెళ్లి సర్దుకున్నాక తీసుకెళ్తానంటే వినట్లేదు. మీరొచ్చి ఒక్క మాట చెబితే వింటుంది."

"ఆయ్, రేపే వస్తాను" అన్నాను. ముందు ఒంటరిగా వెళ్లడమే నేను చేసిందీ. కాబట్టి ఆ మాట చెప్పడానికి నాకంటే తగినవాడు లేడనుకున్నాను.

"నేనూ వస్తానండి. బస్సు ఆడవాళ్లకి ఊరికేనే కదా" అంది లక్ష్మి, చింతపండు లోంచి తలెత్తకుండానే.

పొద్దున్న ఏడున్నరకి రావులపాలెం నుంచి అమలాపురం పోయే బస్సు దొరికింది. కండక్టరుకి లక్ష్మి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని, దాన్ని నా మొహం ముందు ఆడించింది. "మీరు కొనుక్కోండి. విదేశాల్లో సంపాదిస్తున్నారు కదా."

అంబాజీపేటలో బస్సు చాలాసేపు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా లారీ పెట్టి కొబ్బరికాయలు ఎక్కిస్తున్నారు. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ ఈనె చీపుళ్ల కట్ట ఒళ్లో పెట్టుకుని మా పక్క సీట్లో కూర్చుంది. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"ఎందాకండీ?"

"రాజోలండి."

"బాబుగారు కువైట్లో ఉంటారాండీ? రంగు చూస్తే అలా ఉంది."

"కాదండి. పనామా."

"అదెక్కడండీ, దుబాయి అవతలా?"

"అమెరికా కిందండి. ఇక్కడ పొద్దున్నైతే అక్కడ ముందురోజు రాత్రి."

"అమ్మో! మరి అమ్మాయిగారిని తీసుకెళ్లలేదేం?"

నా బదులు లక్ష్మి చెప్పింది. "అక్కడ మనం ఉండలేమటండి. ఏమీ దొరకదట. చింతపండు కూడా ఇక్కణ్ణుంచే మోసుకెళ్లాలి. పాపం ఒక్కరే వండుకు తింటారు."

ఆ 'పాపం'లో ఎకసెక్కం లేదు. నిజంగానే జాలి పడుతోంది. నేను కిటికీలోంచి లారీ వైపు చూశాను.

అమలాపురం బస్టాండులో దిగి, బయట హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. రాజోలు బస్సుకి అరగంట కాచుకున్నాం. ఈ దారిలో వెళ్లేవాళ్లు బస్సులో ఎడమ పక్క కూర్చోండి. బోడసకుర్రు వంతెన మీదికి రాగానే వైనతేయ గోదావరి చూపు ఆనినంత మేర విచ్చుకుంటుంది. నేను ఉండే చోట కూడా ఇలాగే ఏరు సముద్రంలో కలుస్తుంది, ఒడ్డున కొబ్బరిచెట్లుంటాయి. ఆ మాట లక్ష్మికి ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్లో వీడియో కాల్ చేసినప్పుడల్లా వెనకాల గోడ మాత్రమే కనబడేటట్టు కూర్చునేవాణ్ణి.

రాజోలు నుంచి ఆటోలో వెళ్లాం. సతీష్ వాళ్లిల్లు చెరువు గట్ల మధ్య ఉంది. ఇంట్లోకి వెళ్లినా చెరువు నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు వెంటే వస్తుంది. దుర్గ మంచినీళ్లిచ్చి, "రండి బాబాయ్ గారూ, రా పిన్నీ" అని నవ్వింది గానీ, నేనెందుకొచ్చానో ఆ అమ్మాయికి తెలుసు. మూడేళ్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ముందు నేను అడుగుతానండి. తర్వాత మీరు చెప్పాలనుకున్నది చెబుదురు గాని" అంది.

"అడగమ్మా."

అలా మొదలైంది. అక్కడికి వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఆవేళ నేను చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. పెళ్లి సర్టిఫికెట్టు, పాప పుట్టిన సర్టిఫికెట్టు, పోలీసు క్లియరెన్సు, వీటన్నిటి మీదా బయల్దేరేముందే మన దేశంలో, పరాయి దేశాల్లో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. అక్కడికి వెళ్లాక గుర్తొస్తే అక్కణ్ణుంచి చేయించడం నరకం. స్పానిష్ అనువాదం మాత్రం అక్కడి అధికారిక అనువాదకులతో చేయిస్తే గొడవుండదు. టికెట్టు చవగ్గా ఉంది కదా అని అమెరికా మీదుగా కొనుక్కోకూడదు. ఊరికే విమానం మారడానికి కూడా ఆ దేశపు వీసా కావాలి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, వాళ్లిచ్చే పసుపు రంగు కార్డు దాచుకోవాలి, సెలవుకి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే అడుగుతారు.

"నా పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉందండి. ఇబ్బందా?"

"ఏం కాదు. అక్కడ ఆడవాళ్లు చాలామంది పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకుంటారు."

"విన్నావా?" అంది దుర్గ మొగుడితో. అతను బుర్ర గోక్కున్నాడు.

"మిక్సీ?"

"వద్దు. అక్కడ కరెంటు నూటపది వోల్టులు. మనది తిరగదు. కుక్కరు మాత్రం తీసుకెళ్లు."

"అన్నం?"

"మూడుపూటలా తింటారమ్మా వాళ్లు. ఒక పక్క తీరంలో అయితే కొబ్బరిపాలు పోసి, కందులు వేసి వండుతారు. కర్రపెండలం, చేమదుంప, అరటికాయ అన్నీ సంతలో దొరుకుతాయి. వానాకాలం ఎక్కువ, మధ్యాహ్నమయ్యేసరికి వాన పడుతుంది. చెప్పులకి బూజు పడుతుంది. అంతే."

"నాకు భాష రాదు కదండీ. మనుషులు ఎలాంటివాళ్లు?"

ఇక్కడ నేను కాస్త ఊపులో పడ్డాను. "ఒక్క మాట నేర్చుకో, బుయెనాస్. బస్సెక్కినా, ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నా, ఎవరూ తెలియకపోయినా, అందరికీ కలిపి ఆ మాట అనాలి. అనకపోతే పొగరనుకుంటారు. అన్నావంటే మొత్తం బస్సు తిరిగి పలుకుతుంది. అచ్చం మన వాళ్లలాగే. దారి అడిగినా అంతే, ఇంటి నంబర్లు చెప్పరు, 'ఆ మామిడిచెట్టు దాటాక, నీలం గోడ పక్కన' అంటారు. నాకు జ్వరం వస్తే పక్కింటావిడ మూడు రోజులు కోడి సూప్ పంపింది."

దుర్గ మొహం మెల్లగా విప్పారుతోంది. సతీష్ మొహం మాత్రం ముడుచుకుంటోంది. అతను నన్ను పిలిచింది ఇందుక్కాదు.

భోజనాలకి కూర్చున్నాం. చింతచిగురు వేసి వండిన రొయ్యలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని సంతోషం పట్టలేక అన్నాను. "ఇదొక్కటీ దొరకదమ్మా అక్కడ. చెట్టు లేక కాదు, చిగురు తింటారని వాళ్లకి తెలీదు. మా క్వార్టర్స్ వెనకాలే పెద్ద చింతచెట్టుంది. ఎండాకాలం వస్తే వీధి వీధికీ చింతపండు షర్బత్ అమ్ముతారు. కాబట్టి చింతపండు మోసుకెళ్లకండి, దండగ. ఎయిర్‌పోర్టులో నా పెట్టె తెరిచిన ఆఫీసరు ఆ ఉండలు చూసి, మా దేశానికి చింతపండు తెచ్చావా అని నవ్వేడు."

చెప్పేశాక తెలిసింది ఏం చెప్పానో.

లక్ష్మి నా పక్కనే తింటోంది. చేయి ఆగలేదు. రొయ్యని అన్నంలో కలిపింది, ముద్ద చేసింది, తినలేదు. ఆ వేళ్లకి ఇంకా నిన్నటి చింతపండు మరక పోలేదు. ఉప్పుకి వేలి చివర పగిలిన చోట ఎర్రగా ఉంది.

దుర్గకి ఇవేమీ తెలియదు. నవ్వుతూ అడిగింది. "ఇన్ని ఉన్నాయి కదా, మరి పిన్నిని ఎందుకు తీసుకెళ్లలేదండీ?"

నా దగ్గర పాత జవాబులు తయారుగా ఉన్నాయి. మొదట, సర్దుకున్నాక తీసుకెళ్తానన్నాను. తర్వాత, అమ్మాయి చదువు అవనీ అన్నాను. చదువయింది, ఉద్యోగం వచ్చి అమ్మాయి విశాఖపట్నంలో ఉంటోంది. ఆ తర్వాత ఇక, అక్కడేమీ దొరకదు, నువ్వుండలేవు అన్నాను. ఏదో ఒకటి మళ్లీ అనబోయాను కూడా.

"అక్కడేమీ దొరకదన్నారమ్మా. అందుకని" అంది లక్ష్మి. గొంతు మామూలుగానే ఉంది. నన్ను కాపాడటానికే అందేమో, నాకిప్పటికీ తెలియదు.

"లేదమ్మా" అన్నాను దుర్గతో. లక్ష్మి వైపు చూడలేకపోయాను. "అన్నీ దొరుకుతాయి. నేనే తీసుకెళ్లలేదు. ఇంకో ఆడమనిషి గొడవ లాంటిదేమీ లేదు. ఒక్కణ్ణే ఉండటం హాయిగా అలవాటైపోయింది. పని నుంచి వచ్చి తలుపేసుకుంటే ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. ఆ సుఖం కోసం అబద్ధం చెప్పుకుంటూ వచ్చాను."

సతీష్ నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టాడు.

లక్ష్మి ముద్ద తిని, నెమ్మదిగా చేయి కంచంలోనే దులుపుకుంది. తర్వాత దుర్గ వైపు తిరిగింది.

"నువ్వు మొదటి విమానంలోనే వెళ్లమ్మా. 'ముందు నేనెళ్లి సర్దుకుంటాను' అంటారు, ఒప్పుకోకు. ఆ సర్దుకోడం ఎప్పటికీ అవ్వదు. మగాడు ఒక్కడే సర్దుకున్న ఇంట్లో రెండో మనిషికి చోటుండదు. సర్దుకునేదేదో ఇద్దరూ కలిసే సర్దుకోండి." అని, సతీష్‌తో, "ఏం బాబూ, తప్పంటావా?" అంది.

"తప్పు లేదండి" అన్నాడతను. తర్వాత ఇంకొంచెం గట్టిగా, "ఆయ్, ముగ్గురం వెళ్తామండి" అన్నాడు. దుర్గ పాపని ముద్దు పెట్టుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లు తుడుచుకోడానికే అనుకుంటాను.

నాలుగు దాటాక బయల్దేరాం. దుర్గ ఎండు రొయ్యల పొట్లం ఇచ్చి, "ఇవైనా తీసుకెళ్లొచ్చా?" అని నన్నడిగింది. "ఎండు రొయ్యలు పట్టుకుంటే తీసేసుకుంటారమ్మా" అన్నాను. "అయితే పిన్నికే" అని లక్ష్మి సంచిలో వేసింది.

రాజోలులో బస్సెక్కాం. లక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. ఈసారి సున్నా టికెట్టు నాకు చూపించలేదు, మడిచి పర్సులో పెట్టుకుంది. కేకలేస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండిటికీ పెట్టుకోవాల్సిన మొహం నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆవిడ ఊరికే బయటికి చూస్తోంది. క్షమించమని ఎలా అడగాలో తోచక, "కోపం వచ్చిందా?" అన్నాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న లేదు.

"ఎన్ని ఉండలండీ అవి" అంది. లెక్క అడగడం కాదు. "ప్రతి ఏడూ. ఏం చేసేవారు వాటిని?"

"వాచ్‌మన్ భార్యకి ఇచ్చేసేవాణ్ణి."

"ఆవిడ బాగుందనేదా?"

"గింజ ఒక్కటి కూడా తగలదు, ఎవరు చేస్తారు అని అడిగేది."

"ఏం చెప్పేరు?"

"మా ఆవిడ అని."

లక్ష్మి తల ఊపింది. వంతెన మీదికి వచ్చాం. పొద్దు వైనతేయ మీదికి వాలుతోంది. పొద్దున్న చెప్పని మాట అప్పుడు చెప్పాను. నేనుండే చోటు కూడా ఇలాగే ఉంటుందని, ఏరు సముద్రంలో కలిసే చోట పొద్దుటే పడవలు వస్తాయని, చేప కొనడానికి ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడతారని. ఆవిడ ఒకటొకటీ అడిగింది. ఇంటికి ఎన్ని గదులు, పెరడు ఉందా, నీళ్లు ఎలా వస్తాయి. సతీష్ ఇంట్లో దుర్గ అడిగినన్ని ప్రశ్నలూ ఈ ఎనిమిదేళ్లూ ఆవిడలో ఉన్నాయని అప్పుడు అర్థమైంది. నేనే అడగనివ్వలేదు.

పరాయి దేశానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగిన సలహాలన్నీ పైన రాశాను. ముద్రలు, టీకాలు, వోల్టులు అన్నీ ఎవర్నడిగినా చెబుతారు. ఆ ప్రయాణంలో నేను నేర్చుకున్నది మాత్రం లక్ష్మి దుర్గకి చెప్పిన మాట. సర్దుకోడం అయ్యాక ఎవర్నీ పిలవకండి. సర్దుకోడానికే పిలవండి.

అమలాపురంలో బస్సు మారి పలివెల వైపు వస్తుంటే చీకటి పడింది. లక్ష్మి నిద్రపోయిందనుకున్నాను.

"ఆ చింతచెట్టు కాయ ఎవరు దింపుతారండీ?" అంది కళ్లు తెరవకుండానే.

"ఎవరూ దింపరు. పండి రాలిపోతుంది."

"అయ్యో. అంతా నేలపాలేనా?"

"ఆయ్."

కొంగు సర్దుకుని, నా భుజానికి తల ఆనించింది.

"ఈ పండు రాలేలోపు నా పాస్‌పోర్టు సంగతి చూడండి" అంది. "నేనొచ్చి ఏరతాను."