కుందుర్పి కంచె దగ్గర మిగిలిన నీడ

“అప్పా, నువ్విచ్చిన సీడీలో మా ఆయప్ప నడిచి పోతాడు, నీడ మాత్రం ఆడనే నిలబడుకోని ఉండాది” అని హనుమక్క ఫోన్ చేసింది. రెండు వేల ఐదు ఎండాకాలంలో ఆమె భర్త తిప్పన్న గొర్రెలు మేపుతుంటే వీడియో తీశాను. వానలు మొదలయ్యాక జ్వరంతో ఆయన పోయాడు. ఇంటి ముందున్న కంచె వైపు వెళ్లడానికి హనుమక్క భయపడుతోందని తెలిసి మళ్లీ బయలుదేరాను.

అనంతపురంలో ఉదయం ఆరున్నర బస్సు ఎక్కి, కళ్యాణదుర్గంలో మారి, పదింటికి కుందుర్పి చేరాను. టికెట్లు రెండూ కలిపి నలభై రూపాయల లోపే. అక్కడి నుంచి ఊరికి ఆటో. “ఆ సీడీ ఇంటికేనా అన్నా? ఆ కంచె పక్కకి మేమెవురం పోము” అన్నాడు డ్రైవర్. దారి పొడవునా ఎండిన వేరుశనగ చేలు, గాలికి లేచే ఎర్రమన్ను.

తప్పు నాదేనని హనుమక్కకు చెప్పాను. మూడు గంటల ఫుటేజీని ఒకే సీడీలో ఇరికించాలని, వీడియోను కుదించే ఎంపెగ్-4 కోడెక్‌లో బిట్‌రేట్, అంటే సెకనుకు దాచే సమాచారం, బాగా తగ్గించాను. ఆ కోడెక్ అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ దాచి, మధ్యలో మారిన భాగాలను మాత్రమే రాసుకుంటుంది. పూర్తి బొమ్మల మధ్య దూరం నేనే పెంచాను. తిప్పన్న పక్కకు వెళ్లినా, మన్ను రంగులో కలిసిపోయిన ఆయన ఆకారం కొన్ని సెకన్లు చెరగలేదు.

“అంటే ఆడ ఎవురూ లేరా?”

“లేరక్కా. చూడు.”

అసలు టేపు నుంచి ఎక్కువ బిట్‌రేట్‌తో చేసిన డీవీడీ పెట్టాను. తిప్పన్న కంచె దగ్గర నిలబడి, తువ్వాలు దులిపి, నడిచి వెళ్లిపోయాడు. నీడ లేదు. హనుమక్క ఊపిరి వదిలింది. వెనకే గొర్రెలు వచ్చాయి. సీడీలో బూడిద ముద్దలా ఉన్న మంద ఇప్పుడు ఒక్కొక్కటిగా కనిపించింది. తిప్పన్న నిలబడిన ఖాళీ చోటుకు రాగానే అవి రెండుగా చీలి, పక్కలనుంచి నడిచి, ముందుకెళ్లి కలిశాయి.

హనుమక్క తెరకు దగ్గరగా జరిగింది.

“మిషను తప్పు చేసిందంటివే. మరి గొర్రెలకు ఎవురు సెప్పిరప్పా?”

మిట్టమధ్యాహ్నం ఆ కంచె దాకా ఒక్కడినే వెళ్లాను. తిప్పన్న నిలబడిన చోట రాయి లేదు, ముళ్లకంప లేదు, గుంత లేదు. చదునైన నేల. దాని మీద కాలు పెట్టలేకపోయాను. తిరిగి వచ్చేసరికి హనుమక్క అదే ముక్కను మళ్లీ చూస్తోంది. ఈసారి ఆమె ముఖంలో భయం లేదు.

కుదింపులో ఏం పోతుందో నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ నీడ ఎలా పుట్టిందో ఇప్పటికీ వివరించగలను. గొర్రెల గురించి మాత్రం ఎవరైనా అడిగితే మాట మారుస్తాను. ప్రయాణాల్లో మనుషుల్ని వీడియో తీసేవారికి ఒక్క సలహా: చిన్న కాపీ ఎవరికిచ్చినా, అసలు టేపు మీద మళ్లీ రికార్డు చేయకండి.