సంతకం లేని దానయ్య

దెయ్యాల విషయంలో నేను మొదటినుంచీ మొండివాణ్ణి. చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడకి పూనకం వస్తే అందరూ చేతులు జోడించేవారు. నేను మాత్రం, ఆవిడ వేపమండతో అందరినీ కొడుతూ వస్తుంటే అత్తగారి వంతు వచ్చినప్పుడు దెబ్బ కాస్త గట్టిగా ఎందుకు పడుతోందా అని చూసేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా ఇలాంటి అనుభవం చెబితే నాకు మొదట చెప్పేవాడి మీదే అనుమానం వస్తుంది. కాబట్టి ఇది చదివి మీరు నన్ను అనుమానించినా నాకు కోపం రాదు. అందరూ అదే పని చేశారు.

నేను అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి దగ్గర గుమస్తాని. సిగరెట్టు లేదు, మందు లేదు. ఉన్న ఒక్క వ్యసనం ఇంటర్నెట్లో కథలాట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. నీ పాత్ర ఏం చేసిందో, ఏమందో నువ్వు ఫోరంలో పోస్టుగా రాస్తావు. దాన్ని చదివి తర్వాతి వాడు తన వంతు రాస్తాడు. ఒక్క యుద్ధం పూర్తవడానికి రెండు నెలలు పట్టిన సందర్భాలున్నాయి. ఈ సంగతి చెబితే మా షావుకారు, "మరెవులు గెలిచేరు?" అని అడిగాడు. ఇందులో గెలవడం ఉండదండీ అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి మళ్ళీ బెల్లం దిమ్మల వైపు తిరిగాడు.

ఆ ఫోరం నడిపేది నేనే. ఆడేది నలుగురం. రాంబిల్లిలో టీచరుగా పనిచేసే హైమ, రోలుగుంటలో సెల్‌ఫోన్ల షాపు ఉన్న గణేష్, నేను, మా బావ సింహాచలం. బావది ఏటికొప్పాక, లక్క బొమ్మలు చేస్తాడు. మా అందరిలోకీ బాగా రాసేవాడు ఆయనే. పాత ఆటలో ఆయన పాత్ర చనిపోయినప్పుడు హైమ బడిలో కళ్ళు తుడుచుకుందట.

తర్వాత బావ కుడిచెయ్యి బొమ్మల కర్ర తిప్పే లేతు మిషన్లో పడింది. రెండు వేళ్ళు పోయాయి. గాయం మానింది గానీ మనిషి మానలేదు. షెడ్డుకి తాళం వేశాడు. ఎవరైనా వస్తే అటు తిరిగి పడుకునేవాడు. అప్పటికి మా మేనకోడలు చిన్ని ఇంకా పాకుతోంది. ఇప్పుడు ఇల్లంతా పరుగెడుతోంది. ఆ పిల్ల ఒళ్ళోకి వచ్చినా ఆయన ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "ఒరే నూకరాజూ, మీ బావ నాతో సరిగ్గా మాటాడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. నీ ఆటలోనన్నా నాలుగు ముక్కలు రాయించరా. ఆయన లేకుండా మాత్రం మొదలెట్టకు," అంది. సరేనన్నాను. నా కష్టాలన్నీ ఆ సరే దగ్గరే మొదలయ్యాయి.

కొత్త కథ నాదే. ఒక మాయావి ఊరి వాళ్ళ నీడలన్నీ ఎత్తుకుపోయి కొండ అవతల దాచాడు. ప్రయాణికులు ఎడ్లబండి కట్టుకుని వెళ్ళి, ఆ నీడల్ని వెనక్కి తేవాలి. ఎవరికైనా అర్థమయ్యే కథ. దీని ప్లానింగ్ వారంలో అయిపోతుందనుకున్నాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఎడ్లు రోజుకి ఎంత దూరం నడుస్తాయని హైమ. మేత ఎక్కడ దొరుకుతుందని హైమ. వాగు దాటేటప్పుడు పిండి మూట తడవదా అని హైమ. అమ్మా, ఇది నీడలు దొంగిలించే మాయావి ఉన్న లోకం, పిండి తడవదులే అంటే, "మాయావి ఉంటే మాత్రం నీళ్ళు తడపవేటండీ?" అంది. గణేష్ సంగతి ఇంకోటి. వాడి పాత్రకి ఎగరడం వచ్చు, మాయమవడం వచ్చు, చచ్చిపోతే మళ్ళీ పుట్టే వరం కూడా కావాలన్నాడు. అయితే నువ్వొక్కడివే వెళ్ళి నీడలు పట్టుకొచ్చెయ్, మేం ఇంటి దగ్గర కూర్చుంటాం అన్నాను. వాడికి అది నచ్చింది కూడా.

మా ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. బయల్దేరే ముందు ప్రతి పాత్రా సంచి విప్పి, లోపల ఏముందో అందరికీ చూపించాలి. పాత ఆటలో అవసరమొచ్చినప్పుడల్లా గణేష్ సంచిలోంచి తాళ్ళూ కత్తులూ పుట్టుకొస్తుంటే విసుగొచ్చి పెట్టిన నియమం అది. హైమ విప్పింది, గణేష్ విప్పాడు. బావ మాత్రం తన పాత్రకి 'బండివాడు' అని పేరు పెట్టి ఊరుకున్నాడు. సంచిలో ఏముంది బావా అని ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు. పోస్టులు చదివేవాడని మాత్రం నాకు తెలుసు. చదివినట్టు ఫోరంలో కనిపిస్తుంది. వారాలు నెలలవుతున్నాయి. అక్కడ హైమ ఎడ్లకి పళ్ళు లెక్కపెడుతోంది.

ఇప్పుడు దానయ్య గురించి చెప్పాలి. కథలో హోటలు వాడు, కాపలావాడు, పడవవాడు లాంటి చిల్లర పాత్రలు చాలా వస్తాయి. అన్నీ నేనే రాయాలంటే నా వల్ల కాదు. అందుకని 'దారినపోయే దానయ్య' అని ఉమ్మడి ఖాతా ఒకటి తెరిచి, పాస్‌వర్డు అందరికీ ఇచ్చాను. ఎవరికి తీరికుంటే వాళ్ళు దానయ్యగా రాయొచ్చు. రాసినవాళ్ళు చివర తమ పేరులో మొదటి అక్షరం పెట్టాలి. అదే మాకు సంతకం. ఈ నియమం ఎవరూ ఎప్పుడూ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఫోరం తెరిస్తే, బండివాడిని ఉద్దేశించి దానయ్య పోస్టు ఉంది. "ఓ బండోడా, సంచి సంగతి తరవాత. నీ బండికి మూడే సక్రాలున్నాయి. నాలుగోది ఎప్పుడేత్తావు?"

కింద అక్షరం లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఎడ్లబండికి ఉండేవే రెండు చక్రాలు. నాలుగో చక్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను అనుకున్నట్టే హైమ అప్పటికే కింద అదే ప్రశ్న వేసింది. దాని మీద గణేష్ బొమ్మలు గీయడం మొదలెట్టాడు. నేను పోస్టు తీసేశాను. మర్నాటికి అదే మాటలతో మళ్ళీ ఉంది. మళ్ళీ తీసేశాను, మళ్ళీ వచ్చింది. గణేష్‌కి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. "మామా, మా యమ్మ మీదొట్టు, నాను రాయలేదు. రాత్తే నా బండికి రెక్కలెట్టుకుందును గానీ సక్రాలెందుకు?" అన్నాడు. వాణ్ణి నమ్మడానికి ఆ ఒక్క మాట చాలు. హైమనైతే అడగడం కూడా దండగ, నాలుగు చక్రాల ఎడ్లబండి ఆవిడ కలలోకి కూడా రాదు.

ఇక మిగిలింది బావ. అక్క చేత అడిగించాను. నేను కాదని తల అడ్డంగా ఊపాడట. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదంది అక్క. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే అనుకున్నాను. మనిషిని బయటికి లాగుదామని ఆట పెడితే, ఎవడో వెధవ సరదాకి ఆయన్ని ఇంకా లోపలికి నెట్టేస్తున్నాడు. దానయ్య పాస్‌వర్డు మార్చేశాను. కొత్తది ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు. ఇక దానయ్య నోరు నా చేతిలోనే ఉందని నిశ్చింతగా ఉన్నాను.

ఆ ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాను. అక్క చేపల పులుసు పెట్టింది. నేనూ బావా ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. ఆయన ఎడమచేత్తో స్పూనుతో తింటున్నాడు. నా చేతి నిండా పులుసు. నా ఫోను అక్క దగ్గర ఉంది, చిన్నికి ఏవో ఫోటోలు చూపిస్తోంది. బావ ఫోను టీవీ పక్కన ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నాకు నేనే వంద సార్లు చెప్పుకున్నాను కాబట్టి.

టీవీ పక్కన ఫోను టింగుమంది. అక్క తెచ్చి బావ ముందు పెట్టింది. ఆయన చూశాడు. స్పూను కింద పెట్టేశాడు. ఏమిటని నేను వంగి చూస్తే, దానయ్య.

"అటక మీద దాసెడితే బండి నడుత్తాదేటి బాబూ? పిల్లకి కాళ్ళొచ్చీసినాయి."

కింద అక్షరం లేదు. మొదట నాకు భయం వెయ్యలేదు. చెప్పొద్దూ, చిరాకే వేసింది. మళ్ళీ వచ్చాడు వెధవ అనుకున్నాను. పాస్‌వర్డు సంగతి గుర్తొచ్చాక, పులుసు చేత్తోనే ఆ ఫోను లాక్కుని పోస్టు మళ్ళీ చదివాను.

బావ కంచం ముందు నుంచి లేచి, బల్ల లాక్కుని అటక ఎక్కాడు. పాత ట్రంకుపెట్టె వెనక నుంచి గుడ్డ మూట ఒకటి దించాడు. విప్పితే చిన్న లక్క బండి. ముందు ఎర్ర గుర్రం, వెనక పసుపు పెట్టె. చక్రాలు మూడు.

అక్క దాన్ని ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆ రోజే బావ మొదటిసారి చెప్పాడు. చిన్ని మొదటి పుట్టినరోజుకని చేశాడట. నాలుగో చక్రం తిప్పుతుండగా, దాని గురించే ఆలోచిస్తూ, చూపు పక్కకి పోయిందట. ఆసుపత్రి నుంచి వచ్చాక దాన్ని చూడలేక అటక మీద పడేశాడు. పారెయ్యడానికి చేతులు రాలేదన్నాడు.

ఆయన చెబుతుండగానే చిన్ని ఆ బండి లాక్కుని నేల మీద ఈడ్చింది. అది ఒక పక్కకి వాలి గీసుకుంటూ వెళ్ళింది. పిల్లకి అదే ఆట అనిపించి ఒకటే నవ్వు. బావ కాసేపు చూశాడు. "తాళం ఎక్కడెట్టేవే?" అని అక్కని అడిగాడు.

షెడ్డులో అంతా బూజు. బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్క ఒకటి వెతికి మిషనుకి బిగించాడు. ఎడమచేత్తో ఉలి పట్టుకుని, కుడిచేతిలో మిగిలిన వేళ్ళతో అదిమాడు. మొదటి ముక్క విరిగింది, రెండోదీ విరిగింది. నేను వద్దు బావా అనబోతే అక్క నన్ను కళ్ళతోనే నోరు మూయించింది. మూడోది నిలబడింది. తిరుగుతున్న చక్రానికి లక్క కడ్డీ ఆనించి రంగు పట్టించింది అక్కే. బావ ఏడుస్తున్నాడు, పని మాత్రం ఆపలేదు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చక్రం గుండ్రంగా రాలేదు. బండి నాలుగు అడుగులకోసారి కుంటుతుంది.

నేను అనకాపల్లి బస్సు దిగేసరికి ఫోరంలో బండివాడి పోస్టు ఉంది. "నా సంచిలో ఒకటే ఉంది. సొట్ట చక్రం. నడుస్తుంది." హైమ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆ సాయంత్రమే ఆట మొదలుపెట్టాను.

అసలు గొడవ ఆ తర్వాతే. అందరూ నాకు థాంక్స్ చెప్పడం మొదలెట్టారు. పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉంది కాబట్టి రాసింది నేనేనట. నేను అన్నం తింటున్నానయ్యా అంటే, ముందే రాసి పెట్టుకుంటే టైముకి పడే ఏర్పాటు ఉంటుంది కదా అని గణేష్. ఆ పాత ఫోరంలో అలాంటి ఏర్పాటు లేదు, నడిపేవాణ్ణి నాకు తెలియదా? అటక మీద ఎప్పుడో చూసుంటావు అని బావ. నేను ఆ అటక ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎంత గింజుకుంటే అంత మంచివాడినని పేరొస్తోంది. ఈ వ్యవహారంలో అనుమానించదగ్గ మనిషిని నేనొక్కణ్ణే. ఆ మనిషి నేను కాదని తెలిసింది కూడా నా ఒక్కడికే.

చివరికి అక్క దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ సావకాశంగా విని, "నువ్వు సేసేవో లేదో నాకెందుకురా? నాను సేసేనని ఒప్పీసుకో. దెయ్యం రాసిందంటే ఆయన బెంగెట్టుకుని మళ్ళీ అటు తిరిగి పడుకుంటాడు. నీకేటి పోయింది?" అంది. ఏమీ పోలేదు. ఒప్పేసుకున్నాను. అందుకే ఇక్కడ పేర్లన్నీ మార్చి రాస్తున్నాను.

ఆట ఇప్పుడు వాగు దాకా వచ్చింది. పిండి తడిసింది, హైమ మాటే నెగ్గింది. బావ వారానికి మూడు నాలుగు పోస్టులు రాస్తున్నాడు, పొద్దుటిపూట షెడ్డుకి వెళుతున్నాడు. దానయ్య మాత్రం ఆ ఆదివారం తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. నేను ఎన్ని విధాల ఆలోచించినా, ఆ రెండు మాటలు ఎలా వచ్చాయో నాకు అంతు చిక్కలేదు.

మొన్న వాగు దగ్గర పడవవాడు కావలసి వచ్చాడు. ఎలాగూ పేరు నాకే వచ్చింది కదా అని, మొదటిసారి నేనే దానయ్యగా కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. ఆ యాసలోనే, శ్రద్ధగా రాశాను. కింద 'నూ' అని పెట్టడం మాత్రం మరిచిపోయాను.

పది నిమిషాల్లో బావ ఫోన్ చేశాడు.

"ఒరే, ఆ పాస్‌వర్డు మళ్ళీ ఎవులికో ఇచ్చేసినట్టున్నావు, ఓపాలి సూసుకో," అన్నాడు. "ఇది మన దానయ్య కాదురా."