సారుకు ముందు నడిచినవాడు

కిర్రు, కిర్రు. రాయచూరు పత్తిమిల్లు గోడకు అవతల ఎవరో నడుస్తున్నారు. ఎండిన తోలు ఒక అడుగు వేసి, కాస్త ఆలోచించి, ఇంకో అడుగు వేస్తున్నట్టుంది ఆ చప్పుడు. చాలాసేపటికి గానీ గేటులో మనిషి కనిపించలేదు. భుజాన గొంగడి, చేతిలో మనిషెత్తు కర్ర. పేరు బీరప్ప, సొంతూరు యాపలదిన్ని. ఇప్పుడు మిల్లుకు కావలి. అంతకుముందు తొమ్మిదేళ్ళు కాలువ ఆఫీసులో లస్కరు. కాగితం మీద లస్కరు పని గట్లు చూడటం, తూములు ఎత్తి దించటం. బీరప్ప నిజంగా చేసిన పని వేరు. సెక్షన్ ఆఫీసర్లను కోపంతో ఉన్న ఊళ్ళలోకి తీసుకుపోయి, ప్రాణాలతో వెనక్కి తేవటం.

"చెప్పులకు నూనె పెట్టవా?" అని నేనంటే నవ్వాడు.

"పెడితే చప్పుడు పోతది గద సారూ. సడి లేకుండ వచ్చేటోన్ని జూస్తే ఊరు ఉలిక్కిపడ్తది. గప్పుడు చేతుల గొడ్డలి ఉందనుకో, ఇంగ అంతే."

తుంగభద్ర నీళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి. నల్లరేగడి పగుళ్ళలోకి నీళ్ళు దిగుతుంటే నేల నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉండేది. సర్కారు ఆ నీళ్ళు ఇచ్చింది జొన్నకూ పత్తికీ. కానీ కాలువ పక్కన ఉన్నవాళ్ళు గట్టుకు గండి కొట్టి వరి నాటుకున్నారు. దిగువ ఊళ్ళకు కాలువలో బురద మాత్రమే చేరేది. గండి పూడ్చటానికి పోయిన ఆఫీసరు చేయి విరగ్గొట్టించుకుని వచ్చాడు. ఆ తర్వాతే బీరప్పకు ఈ పని పడింది.

అతని పద్ధతి ఇది. ఆఫీసరు కంటే ఒక రోజు ముందు ఊరికి పోతాడు. అందరికంటే ఎక్కువ కోపం ఎవరికో కనిపెడతాడు. ఆ ఇంటికే పోయి, "రేపు మా సారు మీ ఇంట్ల రొట్టె తింటడు" అని చెప్పి వస్తాడు. ఒక ఇంటి రొట్టె తిన్న మనిషి మీద ఆ రోజు ఆ ఇంటివాళ్ళ చేయి లేవదు. ఆ ఇల్లు ఆగితే ఊరూ ఆగుతుంది.

"పోలీసులను పిలవచ్చు కదా?"

"పోలీసులు ఆ దినం ఉంటరు. తెల్లారి సారు ఒక్కడే పోవాలె గద."

అరవై ఏడులో, కార్తీకంలో, అతను పోవలసిన ఇల్లు సొంత అక్కదే. ఆ అక్క హుచ్చమ్మను ఇచ్చిన ఊళ్ళో, గట్టుకు గండి కొట్టినవాడు ఆమె మొగుడు తిమ్మన్న. మూడెకరాల వరి పొట్ట మీద ఉంది. ఇంకో రెండు తడులు అందితే గింజ గట్టిపడుతుంది.

ముందు రోజు బీరప్ప పోయేసరికి తిమ్మన్న వాకిట్లో గొడ్డలి నూరుతున్నాడు.

"రా బామ్మర్దీ. సారు సంచి మోస్తవా, చెప్పులు గూడ మోస్తవా?"

"చెప్పులు నావే మోయలేక సస్తున్న బావా. రేపు మా సారు మీ ఇంట్ల రొట్టె తింటడు."

నూరటం ఆగింది. తిమ్మన్న మళ్ళీ మాట్లాడలేదు. "అరిచేటోన్ని జూసి భయపడొద్దు సారూ. మాట బందు జేసినోన్ని జూసి భయపడాలె" అన్నాడు బీరప్ప నాతో. చివరికి హుచ్చమ్మే లోపలి నుంచి అంది: "తీస్కరా తమ్మీ. ఇంటికొచ్చినోనికి లేదంటమా?"

మర్నాడు పొద్దున సెక్షన్ ఆఫీసరు శివరామకృష్ణయ్య వచ్చాడు. గుంటూరు దిక్కు మనిషి. సన్నని గొంతు, తెల్లని చొక్కా. అంతకుముందు రెండు ఊళ్ళలో అడ్డు చెప్పకుండా రొట్టె తిన్నాడు. అందుకే బీరప్ప ఈసారి ముందుగా ఏమీ అడగలేదు.

వాకిట్లో చాప వేశారు. జొన్నరొట్టె, పుండికూర, పల్లీల పొడి వచ్చాయి. గోడ వెంబడి నలుగురు నిలబడి ఉన్నారు. నాలుగు చేతుల్లో నాలుగు పారలు. గొడ్డలి తిమ్మన్న మోకాళ్ళ మీద ఉంది.

ఆఫీసరు చేతులు జోడించాడు. "ఏమీ అనుకోకమ్మా. ఇవాళ ఏకాదశి. చుక్క పొడిచేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను."

"మా ఇంట్ల ఏకాదశి ఎవరు లెక్కవెట్టిండ్రు సారూ?" నాకు ఇది చెబుతూ బీరప్ప అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "తొమ్మిదేండ్లు అన్నీ జూసిన. దారి, కుక్కలు, మనుషులు. పంచాంగం జూడలే."

గాలి కూడా ఆ వాకిట్లో అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది.

తిమ్మన్న లేచాడు. "మా రొట్టె జూడంగనే ఉపాసం వచ్చిందా? పొలం ఎండవెట్టనీకె వచ్చినోడు మా ఇంట్ల ఎందుకు తింటడు! తిననోడు సుట్టం గాదు బామ్మర్దీ. నువ్వు పక్కకు జరుగు."

గోడ దగ్గర పారలు కదిలాయి. బీరప్ప పక్కకు జరగలేదు. కర్ర కింద పడేశాడు. కర్ర పైకి లేస్తే అక్కడ ఎంతమంది మిగులుతారో అతనికి తెలుసు. ఆఫీసరు చెవి దగ్గరికి వంగాడు.

"సారూ, రొట్టె వద్దు. నీళ్ళు తాగుండ్రి. మీ దేవునికి నేను జవాబు జెప్త."

"మా అమ్మ ఆరోగ్యం కోసం మొక్కుకున్నదయ్యా ఇది."

"మీరు ఇంటికి పోకుంటే ఆ అమ్మ ఎట్ల బతుకుతది సారూ?"

శివరామకృష్ణయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ కనురెప్పల వెనక ఎంత దూరం పోయి వచ్చాడో ఎవరికీ తెలియదు. కళ్ళు తెరిచి, "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పించు" అన్నాడు.

హుచ్చమ్మ మొగుడి వైపు చూడలేదు. చెంబు ముంచి తెచ్చింది. అతను గుటక గుటకకూ ఆగుతూ చివరిదాకా తాగాడు. ఐదుగురు మగవాళ్ళు ఆ గొంతు కదలికనే చూస్తున్నారు.

తిమ్మన్న గొడ్డలి దూలానికి తగిలించాడు. "తాగిండు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. పారలు ఒక్కొక్కటిగా గోడకు ఆనుకున్నాయి.

మధ్యాహ్నానికి గండి పూడ్చారు. ఎవరూ అడ్డం రాలేదు. వారం తిరిగేసరికి దిగువ ఊళ్ళకు నీళ్ళు చేరాయి. తిమ్మన్న మూడెకరాల్లో కంకులు తెల్లగా నిలువునా లేచాయి. పట్టుకుంటే తాలు.

గండి పూడ్చిన రోజే, పని ముగించుకుని బీరప్ప అక్క గడపలో కూర్చుని, "అక్కా, దూపైతుంది" అన్నాడు. హుచ్చమ్మ చెంబు తెచ్చింది. అతని కళ్ళ ముందే బోర్లించి అరుగు మీద పెట్టింది.

"రొట్టె తింటడని జెప్పి నా చేతులు కట్టేసినవు తమ్మీ. సారు పరాయోడు, అడిగిండు, ఇచ్చిన. నీకియ్య."

ఎనిమిదేళ్ళు అయింది. ఆమె మాట తప్పలేదు. పెళ్ళిళ్ళకు పిలుస్తుంది, పలకరిస్తుంది. నీళ్ళు మాత్రం ఇవ్వదు. ఆ ఆఫీసరు ఇంకో జిల్లాకు బదిలీ అయి క్షేమంగా ఉన్నాడని విన్నప్పుడు బీరప్ప తల ఊపాడట, అంతే.

నేను లేచేటప్పుడు గేటు దాకా వచ్చాడు. కర్ర చివరతో మట్టిలో ఏదో గీసి, చెరిపేసి, అన్నాడు:

"అటు దిక్కు పోతే మా అక్క ఇల్లు అడుగుండ్రి సారూ. నీళ్ళు ఇస్తది, సల్లగుంటయి. కడుపు నిండ తాగుండ్రి. నా పేరు మాత్రం జెప్పకుండ్రి."